గ్రేవ్‌డిగ్గాజ్ ‘సిక్స్ ఫీట్ డీప్’: గోతిలోంచి పైకి తవ్విన ఆల్బమ్

న్యూయార్క్ ర్యాప్ బృందం గ్రేవ్‌డిగ్గాజ్ పాడిన ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మ్యాన్’ కోర్టు హాలులో మొదలవుతుంది. హత్యానేరం మీద బోనెక్కినవాళ్లు తమకు మతి చలించిందని, దుష్టశక్తులు ఆవహించి ఆ పని చేయించాయని చెప్పుకుంటారు. అక్కడి నుంచి ఒక్కో ర్యాపర్ ఒక్కో చరణంలో తన వాంగ్మూలం వినిపిస్తూ పోతాడు. కింద బరువుగా, నింపాదిగా నడిచే డ్రమ్ము. దాని మీద ఎక్కడో దూరాన ఎవరో ఏడుస్తున్నట్టు సాగే ఆలాపన. వినేవారికి ముందు ఒళ్లు జలదరిస్తుంది, కాసేపటికి ఈ వాంగ్మూలాల్లోని అతిశయోక్తికి నవ్వొస్తుంది, నవ్వాక మాత్రం బోనులో నిలబడ్డవాళ్లు వేషం కట్టారా, నిజంగానే ఏదో చెప్పుకుంటున్నారా అన్న అనుమానం మిగులుతుంది. 1994 ఆగస్టులో విడుదలైన ‘సిక్స్ ఫీట్ డీప్’ ఆల్బమ్ బలమంతా ఈ అనుమానాన్ని చివరిదాకా తీర్చకుండా నడపడంలోనే ఉంది.

శవాలు, దయ్యాలు, ఉన్మాదం, నరబలి వంటి భయానక సరంజామాతో అల్లిన ర్యాప్‌కు హారర్‌కోర్ అని పేరు. ఆ బాణీని గ్రేవ్‌డిగ్గాజ్ కనిపెట్టలేదు. 1980ల చివరికే హ్యూస్టన్‌లో గెటో బాయ్స్, డెట్రాయిట్‌లో ఎషామ్ ఇటువంటి పాటలు కట్టారు. గెటో బాయ్స్ రాసిన ‘మైండ్ ఆఫ్ ఎ లూనటిక్’ ఎంత దుమారం రేపిందంటే, 1990లో వారి ఆల్బమ్‌ను పంపిణీ చేయడానికి గెఫెన్ సంస్థ నిరాకరించింది. 1992 నాటికి హ్యూస్టన్‌లో గ్యాంక్స్‌టా ఎన్.ఐ.పి., డెట్రాయిట్‌లో ఇన్సేన్ క్లౌన్ పాసీ రంగంలోకి దిగారు. హిప్‌హాప్‌కు పుట్టినిల్లయిన న్యూయార్క్ ఈ బాట పట్టేసరికి బాగా ఆలస్యమైంది. అందువల్ల న్యూయార్క్ వాళ్ల చేతుల్లో ఈ బాణీ కొంత మారింది కూడా: తొలితరం వాళ్లు తాము చూసిన నేరాన్నీ తలలో తిరిగే పీడకలల్నీ కలగలిపి పాడితే, గ్రేవ్‌డిగ్గాజ్ అదే సరుకును ఒక నాటకంగా, నాటకమని తెలిసేలాగా ఆడారు.

ఆ నాటకానికి సూత్రధారి ప్రిన్స్ పాల్ అన్న సంగతిని ఆల్బమ్ గురించిన చర్చలు తరచు మరిచిపోతుంటాయి. లాంగ్ ఐలండ్‌లోని అమిటీవిల్‌లో పెరిగిన ఈయన (అసలు పేరు పాల్ హ్యూస్టన్) కుర్రతనంలోనే స్టెట్సాసోనిక్ బృందానికి డీజేగా చేరి, ఇరవై రెండేళ్లు నిండకముందే డీ లా సోల్ తొలి ఆల్బమ్ ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’కు నిర్మాతగా, అంటే పాటల సంగీతాన్ని కూర్చేవాడిగా నిలిచారు. పువ్వుల బొమ్మలు, చమత్కారాలు, పాటల మధ్య చిన్న చిన్న హాస్య సన్నివేశాలతో 1989లో వచ్చిన ఆ ఆల్బమ్ హిప్‌హాప్‌లో నవ్వుకు చోటు చూపించింది. ఇప్పుడు ర్యాప్ ఆల్బమ్‌లలో మామూలైపోయిన స్కిట్ల ఆనవాయితీకి చాలావరకు అక్కడే పునాది పడింది. (అమిటీవిల్ అనగానే అమెరికన్లకు గుర్తొచ్చేది 1974లో ఒకే ఇంట్లో ఆరుగురు హత్యకు గురైన ఘటన, దాని చుట్టూ అల్లుకున్న దయ్యాల కథలు. పువ్వుల ర్యాప్ ఆ ఊరి నుంచి రావడమే విడ్డూరం. హారర్‌కోర్ వచ్చిందంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.) డీ లా సోల్ రెండో ఆల్బమ్‌ను పాల్ 1991లో చేసేనాటికే దాని పేరు ‘డీ లా సోల్ ఈజ్ డెడ్’, అట్ట మీద పగిలి పడిపోయిన పూలకుండీ. అంటే చావును వేళాకోళానికి వాడుకోవడం ఆయనకు గ్రేవ్‌డిగ్గాజ్‌తో కొత్తగా అబ్బిన విద్య కాదు.

నలుగురి ఈ బృందంలో మిగతా ముగ్గురిలో ఫ్రుక్వాన్ స్టెట్సాసోనిక్‌లో పాల్ సహచరుడు. పొయెటిక్ అనే ఆంథొనీ బర్క్‌లీ, ఆర్‌జడ్‌ఏ అనే రాబర్ట్ డిగ్స్ అప్పటికి ఒకటి అరా పాటలతో ఆగిపోయిన ర్యాపర్లు. ఆర్‌జడ్‌ఏ 1991లో ప్రిన్స్ రకీమ్ అన్న పేరుతో ఆడపిల్లల గురించిన సరదా పాటొకటి విడుదల చేశారని చెబితే, తర్వాతి కాలంలో ఆయన నడిపిన వూ-టాంగ్ క్లాన్ ర్యాప్ బృందం అభిమానులు నమ్మడానికి ఇబ్బంది పడతారు. నలుగురికీ ఉమ్మడి గతం ఒకటుంది: అందరూ ఏదో ఒక దశలో టామీ బాయ్ రికార్డ్స్‌తో పనిచేసి, నిరాశతో బయటికి వచ్చినవారే. పాల్ సొంతంగా పెట్టుకోబోయిన లేబుల్ కూడా నిలదొక్కుకోలేదు. ఇలా వ్యాపారం లెక్కల్లో కాలం చెల్లినవాళ్లుగా మిగిలిన నలుగురినీ ఆయన 1990ల మొదట్లో ఒకచోట చేర్చారు. హిప్‌హాప్ చరిత్రలో ‘సూపర్ గ్రూప్’ అనే మాట ఈ బృందానికి తగిలించడం పరిపాటే గానీ, కూడిననాటికి వాళ్లలో సూపర్ అనదగ్గ స్థితిలో ఉన్నవారు ఎవరూ లేరు. డెమో టేపు పట్టుకుని కంపెనీల చుట్టూ చాలాకాలమే తిరగవలసి వచ్చింది. చివరికి తీసుకున్నది లండన్‌లో పుట్టిన జీ స్ట్రీట్ రికార్డ్స్. మెత్తటి, కలల్లాంటి పాటలతో 1991లో అమెరికా అగ్రస్థానానికి చేరిన పి.ఎం. డాన్ బృందానిదీ ఆ లేబులే.

ఈ నేపథ్యం తెలిశాక ఆల్బమ్‌లోని శవాలు కొంత వేరుగా కనిపిస్తాయి. మొదటి ట్రాక్ పేరే ‘అయిపోయిందని మీరనుకున్న వేళ’ అని అర్థం వచ్చే మాట. నలుగురూ పెట్టుకున్న మారుపేర్లు చూసినా ఇదే సూచన దొరుకుతుంది. పాల్ ‘అండర్‌టేకర్’, అంటే అంత్యక్రియలు జరిపించేవాడు, ఫ్రుక్వాన్ ‘గేట్‌కీపర్’, పొయెటిక్ ‘గ్రిమ్ రీపర్’, పాశ్చాత్యుల ఊహలో కొడవలి పట్టి వచ్చే మృత్యువు, ఆర్‌జడ్‌ఏ ‘రిజరెక్టర్’. ఈ నాలుగో పేరు తక్కిన మూడింటికి ఎదురు తిరుగుతుంది: పునరుత్థానం చేయించేవాడు, పోయినవాణ్ని లేపి కూర్చోబెట్టేవాడు. బృందం పేరుకు (గోతులు తవ్వేవాళ్లు అనే మాటకు) వాళ్లు చెప్పిన అర్థం కూడా అదే దారిలో నడుస్తుంది. తాము మెదడు చచ్చినవాళ్లను, అంటే బతికుండీ ఆలోచన చచ్చిపోయినవాళ్లను, గోతుల్లోంచి తవ్వి తీసేవాళ్లమని వారి మాట.

‘మెదడు చచ్చినవాళ్లు’ అనే ఈ మాట వారి సొంత కల్పన కాదు. క్లారెన్స్ 13ఎక్స్ అనే ఆయన నేషన్ ఆఫ్ ఇస్లామ్ అనే నల్లజాతి ముస్లిం సంస్థ నుంచి విడివడి 1964లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో మొదలుపెట్టిన ఫైవ్ పర్సెంట్ నేషన్ బోధనల్లో దీనికి మూలం ఉంది. ఆ లెక్క ప్రకారం మనుషుల్లో 85 శాతం నిజం తెలియని గుడ్డివారు, చెవిటివారు, మూగవారు. 10 శాతం నిజం తెలిసీ దాచిపెట్టి తక్కినవారి నెత్తురు పీల్చేవారు. మిగిలిన 5 శాతం నిజం తెలిసి నలుగురికీ చెప్పే పేద గురువులు. న్యూయార్క్ ర్యాపర్లలో ఈ బోధనలు ఆకళింపు చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. వూ-టాంగ్ క్లాన్ పాటల పరిభాషలో సగం అక్కడి నుంచే వస్తుంది. ఆ పరిభాష తెలిసినవారికి ఈ ఆల్బమ్‌లోని నెత్తురు పీల్చే పిశాచం సినిమా పిశాచంగా మాత్రమే కనిపించదు, ఆ 10 శాతం కూడా తలపుకొస్తుంది. శ్మశానమంటే ఊరి చివరి దిబ్బ అనే కాక, న్యూయార్క్ వీధి అని కూడా చదువుకోవచ్చు. తెలియనివారికి ఇదంతా నెత్తురు, కపాలాలు, అరుపులు. రెండు రకాల శ్రోతలకూ పాట ఒక్కటే వినిపిస్తుంది గానీ చేరేది ఒకటి కాదు, ఈ చీలికను బృందం సవరించాలని చూసినట్టు కూడా లేదు.

ఆల్బమ్ ధ్వని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చీకటికి సాంకేతిక కారణాలూ చట్టపరమైన కారణాలూ ఉన్నాయి. 1989లో ప్రిన్స్ పాల్ చేసిన పని ఒక పాటలో పదిచోట్ల నుంచి తెచ్చిన పాత రికార్డుల ముక్కలను దట్టంగా పేర్చడం. ఆ ముక్కల్లో ఒకదాని మీద టర్టిల్స్ అనే రాక్ బృందం సభ్యులు దావా వేశారు. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ తాను అనుమతి తీసుకోకుండా వాడిన శాంపిల్ (పాత పాట ముక్క) కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు దొంగతనం కూడదన్న బైబిల్ ఆజ్ఞతోనే మొదలైంది. అప్పటి నుంచి ప్రతి ముక్కకూ ముందుగా అనుమతి, రుసుము తప్పనిసరి కావడంతో పాత పద్ధతి భరించరానంత ఖరీదైపోయింది. (డీ లా సోల్ తొలి ఆల్బమ్‌లు ఇటువంటి హక్కుల చిక్కుల్లో పడి 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేకపోయాయి.) 1994 నాటి నిర్మాతకు మిగిలిన దారి తక్కువ ముక్కలు, పొట్టి ముక్కలు, గుర్తుపట్టలేనంతగా మార్చిన ముక్కలు. ఒకే పియానో విరుపును పదే పదే తిప్పితే పాటకు ఊపిరాడని బిగువు వస్తుంది. ‘సిక్స్ ఫీట్ డీప్’లో చాలా బీట్లకు ఆ బిగువే ప్రాణం. అది కళాత్మక నిర్ణయమే కావచ్చు, కానీ కోర్టు తీర్పు గీసిన గిరిలో నిలబడి తీసుకున్న నిర్ణయం.

దీనికి ఆనాటి యంత్రాలు తోడయ్యాయి. అప్పటి న్యూయార్క్ నిర్మాతలు విరివిగా వాడిన ఎస్‌పీ-1200 శాంప్లర్‌లో, అంటే ఆ ముక్కలను పట్టి వాయించే యంత్రంలో, మొత్తం పట్టేది సుమారు పది సెకన్ల ధ్వని. చోటు సరిపోక వాళ్లు ఒక కిటుకు కనిపెట్టారు: నిమిషానికి 33 చుట్ల వేగంతో తిప్పాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి లోపలికి ఎక్కించి, యంత్రంలో మళ్లీ కిందికి దించేవారు. చోటు మిగిలేది, కానీ ధ్వని గరుకుబారి, అంచులు అరిగి, బావిలోంచి వినిపిస్తున్నట్టు తయారయ్యేది. శుభ్రమైన స్టూడియో పనితనంతో పోలిస్తే లోపమే. ఆనాటి హారర్‌కోర్‌కు ఆ లోపమే వేషం కట్టి పెట్టింది. గీతలు పడ్డ రికార్డు చిటపటలు, శ్రుతి కాస్త దిగజారిన తీగలు, వాటి మీద నోటి దగ్గర మైకు పెట్టుకుని గొంతు చించుకునే పొయెటిక్: ఈ మూడింటి ముందు నెత్తుటి వర్ణనలు రెండో వరసలోకి పోతాయి.

పొయెటిక్ గొంతు గురించి ప్రత్యేకంగా ఒక మాట. బృందంలో పేరు ఎక్కువ ఆర్‌జడ్‌ఏది, ఆలోచన పాల్‌ది, కానీ ఆల్బమ్‌ను మోసినవాడు పొయెటిక్. ఒకే పంక్తిలో గుసగుస నుంచి గర్జనకు ఎక్కి, మధ్యలో ఒక వెకిలి నవ్వు పొదిగి, లయ జారకుండా దిగి వచ్చే సత్తా ఆయనది. ఆర్‌జడ్‌ఏ తడబడుతున్నట్టే పరుగెత్తుతాడు, మాటలు తాళానికి అటూ ఇటూ ఒలుకుతాయి, ఆ ఒలకడం పిచ్చివాడి పాత్రకు సరిగ్గా అతుకుతుంది. ఇద్దరే పంచుకున్న ‘టూ కప్స్ ఆఫ్ బ్లడ్’లో ఈ రెండు పద్ధతుల తేడా పక్కపక్కనే వినవచ్చు.

నాట్యశాస్త్రంలో బీభత్సం నుంచి భయానకం పుడుతుందని, శృంగారం నుంచి హాస్యం పుడుతుందని ఒక లెక్క ఉంది. గ్రేవ్‌డిగ్గాజ్ ఆ లెక్కను తప్పిస్తారు. వీళ్ల దగ్గర బీభత్సం నుంచి నేరుగా హాస్యం పుడుతుంది. జుగుప్స ఒక మోతాదు దాటగానే శ్రోత దాన్ని నమ్మడం మానేసి నవ్వుతాడని ప్రిన్స్ పాల్‌కు తెలుసు. అందుకే వర్ణనలు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే ఉంటాయి. ‘డిఫెక్టివ్ ట్రిప్’లో ఒక్కొక్కరు మత్తు వికటించిన అనుభవాన్ని చెబుతుంటే అది హెచ్చరికా, పొట్టచెక్కలయ్యే ప్రహసనమా అన్నది తేల్చుకోవడం కష్టం. గెటో బాయ్స్ పాటలో ఉన్మాది మాట్లాడితే అతడి గదిలో చిక్కుకున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఉన్మాది మాట్లాడితే తెర పక్కన నిలబడి నవ్వు ఆపుకుంటున్న మనిషి కూడా కనిపిస్తాడు.

ఈ పద్ధతి అన్నిచోట్లా ఫలించలేదు. ‘1-800 సూసైడ్’ అందుకు సాక్ష్యం. అర్ధరాత్రి టీవీ ప్రకటనల్లో ఊదరగొట్టే టోల్‌ఫ్రీ నంబరును ఎగతాళి చేస్తూ, బతుకు మీద విరక్తి పుట్టినవాడికి ఎదురు సలహా ఇచ్చే పాట అది. చచ్చిన ఆలోచనను చంపుకొమ్మని చెప్పే రూపకంగా దాన్ని సమర్థించవచ్చు. బృందం తత్త్వం తెలిసినవారు అలాగే సమర్థిస్తారు. కానీ నిజంగా నలిగిపోయి ఉన్న పదిహేనేళ్ల శ్రోతకు ఆ తత్త్వమంతా ఎవరు విప్పి చెబుతారన్న ప్రశ్నకు పాటలో జవాబు లేదు. దీనికి పూర్తి వ్యతిరేక దిశలో, 2017లో లాజిక్ అనే ర్యాపర్ నిజమైన సహాయ కేంద్రం ఫోను నంబరునే పాటకు పేరుగా పెట్టాడు. ఆ పాటకు ప్రచారం బాగా దక్కిన రోజుల్లో ఆ కేంద్రానికి ఫోన్లు పెరిగాయని 2021లో పరిశోధకులు చూపించారు. ముప్ఫై ఏళ్ల కిందటి పాటను ఇవాళ్టి తూకంతో తూచడం న్యాయం కాదన్నది నిజమే. అయినా ఆల్బమ్‌లో చమత్కారం బరువు మోయలేక వంగిన చోటు ఇదేనని ఒప్పుకోక తప్పదు. చివరి భాగంలో వచ్చే కొన్ని పాటల సంగతి వేరే: అక్కడ తప్పు తీవ్రత కాదు, పునరుక్తి. అదే గొయ్యి, అదే పార, అవే అరుపులు.

ఆల్బమ్ పేరుకూ ఒక కథ ఉంది. ఐరోపాలో ఇది ‘నిగ్గమోర్టిస్’ అన్న పేరుతో వచ్చింది. నల్లజాతివారిని కించపరిచే మాటను, ప్రాణం పోయాక శరీరం బిగుసుకుపోవడాన్ని సూచించే ‘రిగర్ మోర్టిస్’ అనే వైద్యపదంతో జోడించి చేసిన శ్లేష అది. అమెరికాలో ఆ పేరుతో అమ్మడం కుదరలేదు. 1992లో ఐస్-టీ పాడిన ‘కాప్ కిల్లర్’ (పోలీసులను చంపేవాడు) పాట మీద రేగిన గొడవ, ఆ తర్వాత ఆయన వార్నర్ రికార్డు సంస్థకు దూరం కావడం అందరి మనసుల్లో పచ్చిగా ఉన్న రోజులవి; 1994 ఆరంభంలో అమెరికా కాంగ్రెస్‌లో గ్యాంగ్‌స్టా ర్యాప్ సాహిత్యం మీద విచారణలు కూడా జరిగాయి. అలా అమెరికన్ విడుదలకు ‘సిక్స్ ఫీట్ డీప్’ పేరు ఖాయమైంది. ఎంత సంపాదించినా చివరికి ఆరడుగుల నేలే అని తెలుగులో అనుకునే ఆ ఆరడుగులే. హిప్‌హాప్ తెలిసినవారికి మాత్రం ఇంకోటి చప్పున తడుతుంది: మూడడుగుల ఎత్తుకు లేస్తున్నామని 1989లో ప్రకటించిన ఆల్బమ్ నిర్మాత, ఐదేళ్లకు ఆరడుగుల లోతు నుంచి మాట్లాడుతున్నాడు. సెన్సారు భయం వల్ల వచ్చిన పేరు అసలు పేరు కంటే మెరుగ్గా కుదిరిన సందర్భాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

ఆల్బమ్ అమెరికాలో అమ్మకాల వరస చూపే బిల్‌బోర్డ్ 200 పట్టికలో 36వ స్థానం దాకా వెళ్లింది. ఈ ఆదరణలో పాటల ఘనత ఎంత, కాలం కలిసిరావడం ఎంత అన్నది విడదీయడం కష్టం. వూ-టాంగ్ క్లాన్ తొలి ఆల్బమ్ 1993 నవంబరులో వచ్చి న్యూయార్క్ ర్యాప్ ముఖచిత్రాన్నే మార్చింది. టేపు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగినప్పుడు ఎవరికీ పట్టని ఆర్‌జడ్‌ఏ, ఆల్బమ్ దుకాణాలకు చేరేసరికి దేశమంతా ఎదురుచూసే నిర్మాత అయ్యారు. దాంతో గ్రేవ్‌డిగ్గాజ్‌ను వూ-టాంగ్ కొమ్మల్లో ఒకటిగా లెక్కగట్టడం అలవాటైపోయింది. ‘గ్రేవ్‌యార్డ్ ఛేంబర్’ వంటి పాటల్లో ఆ కుదురుకు చెందిన కిల్లా ప్రీస్ట్ తదితరులు వినిపించడం ఈ అపోహను గట్టిపరిచింది. కాలక్రమం చూస్తే మాత్రం ఈ ప్రయోగం వూ-టాంగ్ విజయానికి ముందే పురుడు పోసుకుంది. అన్నట్టు, కోర్టు బోను ఆర్‌జడ్‌ఏకు కేవలం ఊహ కాదు. 1990ల మొదట్లో ఒహాయో రాష్ట్రంలోని స్టూబెన్‌విల్‌లో హత్యాయత్నం అభియోగం మీద విచారణ ఎదుర్కొని ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. దయ్యం పట్టిందని చెప్పుకునే నిందితుడి వెకిలి వెనక ఆ అనుభవం ఏ పాటిదో పాట చెప్పదు, కానీ ఈ విషయం తెలిశాక ఆ కోర్టు హాలు మునుపటంత తమాషాగా వినిపించదు.

కొద్ది వారాల తేడాతో డెఫ్ జామ్ సంస్థ నుంచి ఫ్లాట్‌లైనర్స్ అనే మరో న్యూయార్క్ బృందం ఇదే బాణీలో ఆల్బమ్ తెచ్చింది. సంస్థ పెద్దది, బృందంలో ఒకరు ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన రస్సెల్ సిమన్స్‌కు మేనల్లుడు వరస. అయినా అది నిలవలేదు. అందులో సైతాను పేరు, తలకిందుల శిలువల వంటి అలంకరణే తప్ప, అలంకరణను పక్కకు తీస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. న్యూయార్క్‌లో హారర్‌కోర్ ఒక ఉద్యమంగా అక్కడితో దాదాపు ఆగింది. భయానక ర్యాప్‌కు తర్వాతి ఇల్లు దక్షిణాన మెంఫిస్‌లో దొరికింది; 1995లో త్రీ 6 మాఫియా తొలి ఆల్బమ్ అక్కడి నుంచే వచ్చింది.

గ్రేవ్‌డిగ్గాజ్ 1995లో బ్రిటిష్ కళాకారుడు ట్రికీతో కలిసి ఒక ఈపీ (కొద్ది పాటల చిన్న ఆల్బమ్), 1997లో రెండో ఆల్బమ్ చేశారు. ఆ రెండోదానిలో పాల్, ఆర్‌జడ్‌ఏల చేయి బాగా తగ్గింది, దయ్యాల వేషం సడలి బోధన పైకి తేలింది. నవ్వు పోయింది. తర్వాత బృందంగా మిగిలింది పొయెటిక్, ఫ్రుక్వాన్ ఇద్దరే. అప్పటికి పొయెటిక్‌కు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. జబ్బుతో ఉండగానే ఆయన ‘నైట్‌మేర్ ఇన్ ఎ-మైనర్’ అనే మూడో ఆల్బమ్‌కు పాడారు. 2001 జులైలో చనిపోయేనాటికీ ఆ బృందంలో ఆయన పేరు గ్రిమ్ రీపరే.